ప్రయోగశాలలో హోమియో మందు

మన ఇండ్లలో హోమియో మందుల పెట్టె నెరుగనివారు తక్కువ. వేలెడంత గాజుసీసాలు, వాటిలో ఆవగింజంత మొదలు మిరియపుగింజంత వరకు తెల్లని తియ్యని మాత్రలు, సీసాలపై ఆర్నికా, నక్స్ వామికా, బెల్లడోన వంటి పేర్లు, ఆ పేర్ల ప్రక్కన 6, 30, 200 అను అంకెలు. పేర్లు వేరైనను మాత్రల రూపమొకటే, రుచి యొకటే. పిల్లలు ఆటలో సీసాలపై కాగితములు ఊడబెరికినచో ఏది ఏ మందో ఇంటి పెద్ద చెప్పలేడు. ఆ మందు తయారుచేసినవాడును కంటితో చూచి చెప్పలేడు.

ఈ మందులవలన జబ్బు నయమగునా, కాదా అను వివాదము వైద్యులది. అది రోగులను పరీక్షించి తేల్చవలసిన సంగతి. నేటి ప్రసంగమునకు విషయము అంతకంటె చిన్నది, అంతకంటె సూటియైనది. కాగితములు ఊడిన ఆ సీసాలను ప్రయోగశాలకు పంపినచో, భౌతిక శాస్త్రజ్ఞుడు తన పరికరములతో పరీక్షించి వాటి పేర్లు చెప్పగలడా? చెప్పగలమని కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించియున్నారు. వారు ఏమి చూచిరి, చూచినదానికి వేరు కారణము లేదా అని ఇప్పుడు విచారింతము.

మొదట మందు తయారగు విధము తెలియవలెను. ఈ వైద్యమునకు మూలపురుషుడు జర్మనీ దేశస్థుడైన శామ్యూల్ హానిమన్. 1755లో జన్మించి 1843లో పారిసు నగరమున మరణించెను. 1790లో ఆయన ఒక వైద్యగ్రంథమును అనువదించుచు, సింకోనా బెరడును తానే సేవించి, చలిజ్వరమువంటి లక్షణములు తనలో కనబడినవని వ్రాసికొనెను. ఆరోగ్యవంతునిలో ఏ పదార్థము ఏ లక్షణములను పుట్టించునో, ఆ పదార్థమే అట్టి లక్షణములుగల రోగమును కుదుర్చునని ఆయన సిద్ధాంతము. తీవ్రమైన పదార్థములను పలుచన చేసి ఈయవలెననియు, పలుచన చేయునపుడు గట్టిగా కుదిపినచో మందునకు శక్తి హెచ్చుననియు ఆయన తరువాత నిర్ణయించెను. ఆయన ముఖ్యగ్రంథమైన ఆర్గనాన్ 1810లో వెలువడినది.

మొక్కలైనచో వాటిని ఆల్కహాలులో నానబెట్టి సారము తీయుదురు. దానికి మదర్ టింక్చరని పేరు. అందు ఒక పాలు తీసికొని, 99 పాళ్ల ఆల్కహాలులోనో నీటిలోనో కలిపి, సీసాను బలముగా కుదిపినచో మొదటి పొటెన్సీ. అందు మరల ఒక పాలు తీసి 99 పాళ్లలో కలిపినచో రెండవది. ఇట్లు 30 పర్యాయములు చేసినది 30 పొటెన్సీ. బంగారము, రాగివంటి కరగని లోహములైనచో మొదట పాలచక్కెరతో కల్వములో గంటలకొలది నూరి, తరువాత ద్రవములోనికి మార్చుదురు. చివరకు ఆ ద్రవమును చక్కెర మాత్రలపై పోసి తడుపుదురు. తడి ఆరిపోవును, మాత్ర మిగులును.

ఒకటికి నూరు అను లెక్క వినుటకు సులభము. కాని మెట్టు మెట్టునకు అది పెరుగు తీరు మన ఊహకు మించినది. మూడవ పొటెన్సీలో మూలపదార్థము పది లక్షలలో ఒక వంతు. ఆరవ పొటెన్సీలో లక్ష కోట్లలో ఒక వంతు. పండ్రెండవ పొటెన్సీలో 1 ప్రక్కన 24 సున్నలు వ్రాసిన సంఖ్యలో ఒక వంతు. 30 పొటెన్సీలో 1 ప్రక్కన 60 సున్నలు.

పదార్థమును ఎంతవరకైనను విభజించుచు పోవచ్చునన్నచో ఈ లెక్కలో చిక్కు లేదు. కాని పదార్థము అణుమయము. ఆర్గనాన్ వెలువడిన మరుసటి సంవత్సరము, అనగా 1811లో, ఇటలీ దేశస్థుడైన అవొగాడ్రో వాయువుల అణువులనుగూర్చి తన సూత్రమును ప్రకటించెను. కొలుచుటకు వీలైనంత పదార్థములో ఎన్ని అణువులుండునో మొట్టమొదట అంచనా కట్టినవాడు లోష్మిట్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు, 1865లో. ఫ్రాన్సు దేశస్థుడు జాఁ పెరాఁ ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆ సంఖ్యను పలు విధముల ప్రయోగములతో నిర్ధారించి, 1926లో నోబెల్ బహుమానము నందెను. కావున ఈ హద్దు హానిమన్ కాలమున ఎవ్వరికిని తెలియదు. తెలియనందులకు ఆయనను నిందింప బనిలేదు.

మనము వంటలో వాడు ఉప్పు ‘నేట్రం మ్యూరియాటికం’ అను పేర హోమియో మందులలో ఒకటి. సుమారు 58 గ్రాముల ఉప్పును లీటరు నీటిలో కరిగించి, దానిని 30 పర్యాయములు ఒకటికి నూరుగా పలుచన చేసితిమనుకొందము. పండ్రెండవ మెట్టు దాటునప్పటికే లీటరు నీటిలో తొలి ఉప్పుకణ మొక్కటియైన ఉండుట సందేహాస్పదము. 30వ మెట్టులో అట్టి కణ మొక్కటి దొరకవలెనన్నచో, మన భూగోళమంతటి నీటిముద్దలు లక్ష కోట్లకు పైగా వెదకవలసియుండును. 200 పొటెన్సీ మాట చెప్పనే అక్కరలేదు.

ఈ లెక్క హోమియో వైద్యులలో విద్యావంతులకు తెలియనిది కాదు. కావుననే వారిలో పలువురు వాదమును మార్చి చెప్పుచున్నారు. మూలపదార్థము లేకపోవచ్చును, కాని కుదుపుటవలన నీటియొక్క, ఆల్కహాలుయొక్క అణువుల అమరికలో ఆ పదార్థపు ముద్ర నిలిచియున్నదని వారి మాట. దీనినే లోకులు ‘నీటి జ్ఞాపకశక్తి’ అనుచున్నారు. ఇది ఊహయే యైనను, పరీక్షకు లొంగు ఊహ. అమరిక మారినచో ఆ ద్రవము వెలుతురును వంచు తీరులోనో, విద్యుత్తును ప్రసరింపజేయు తీరులోనో, వేడిని గ్రహించు తీరులోనో మార్పు కనబడవలెను. కనబడినచో పరికరములు దానిని పట్టుకొనవలెను.

ఈ పరికరములలో ఒకదానికి మన దేశమున హోమియోపతితో విచిత్రమైన చుట్టరికమున్నది. కలకత్తా వైద్యుడు మహేంద్రలాల్ సర్కారు పాశ్చాత్య వైద్యమున ఎం.డి. పట్టమందినవాడు. మొదట హోమియోపతిని గట్టిగా ఖండించినవాడు. తరువాత ఆ చికిత్సను స్వయముగా పరిశీలించి, 1867లో వైద్యుల సభలో దానిని సమర్థించి మాటలాడి, తోటివారి ఆగ్రహమునకు గురియయ్యెను. ఆ మహేంద్రలాలే భారతీయులు స్వయముగా విజ్ఞాన పరిశోధన చేయవలెనని తలచి, విరాళములు పోగుచేసి, 1876లో కలకత్తాలో భారత విజ్ఞాన పరిశోధన సంఘమును స్థాపించెను. చంద్రశేఖర వేంకట రామన్ 1928 ఫిబ్రవరి 28న తన పేర ప్రసిద్ధమైన కాంతి ఫలితమును కనుగొన్నది ఆ సంఘపు ప్రయోగశాలలోనే. ఒకే రంగు వెలుతురును ఒక ద్రవముపై ప్రసరింపజేసినచో, చెదరివచ్చు కాంతిలో కొద్దిభాగము రంగు మారివచ్చును. ఆ మార్పునుబట్టి ద్రవములోని అణువులు ఎట్టివో, ఎట్లు కంపించుచున్నవో తెలియును. ఒక హోమియో వైద్యుడు నెలకొల్పిన ప్రయోగశాలలో పుట్టిన ఈ పద్ధతియే హోమియో మందులను పరీక్షించు సాధనములలో ఒకటియైనది.

పరికరము సున్నితమైనకొలది జాగ్రత్తయు హెచ్చవలెను. రేడియోలో దూరపు స్టేషనును పట్టుటకు మీట త్రిప్పి ధ్వనిని పెంచినచో, మాటతోపాటు గరగర శబ్దమును పెరుగును. ఆ గరగరలో ఒక్కొక్కప్పుడు మనకు తెలిసిన మాట వినబడినట్లే తోచును. అది నిజముగా మాటయో, మన భ్రమయో తేలవలెనన్నచో, మనమేమియు చెప్పకయే ప్రక్కవారు అదే మాట విన్నారా అని అడుగవలెను. హోమియో మందుల పరీక్షలలో ఈ గరగర ఎక్కడెక్కడనుండి వచ్చునో చూతము.

మొదటిది గాలి. అతిశుద్ధమైన నీటి విద్యుద్వాహకత 25 డిగ్రీల ఉష్ణోగ్రతయందు సెంటీమీటరునకు 0.055 మైక్రోసీమెన్లు. ఆ నీటిని మూత తీసి గాలికి వదలినచో, గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరిగి, వాహకత సుమారు ఒక మైక్రోసీమెనుకు చేరును. అనగా ఏ మందు కలుపకయే దాదాపు ఇరువది రెట్లు హెచ్చును. రెండవది గాజు. సీసాలో నిలువయున్న నీటిలోనికి గాజునుండి సోడియము, సిలికా స్వల్పముగా దిగుచునేయుండును. కుదిపినచో మరికొంత దిగును. మూడవది ఆల్కహాలు. మూత తెరచి మూసినపుడెల్ల అది నీటికంటె త్వరగా ఆవిరియగును. పాళ్లు మారినచో వక్రీభవనము మారును, సాంద్రత మారును. నాలుగవది కుదుపు. గట్టిగా కుదిపిన ద్రవములో గాలి బుడగలు నిండి, ప్రాణవాయువు అధికముగా కరగును. అయిదవది నీటిలోనే మిగిలిన మాలిన్యము. ఎంత వడకట్టినను నీటిలో వందకోట్లలో ఒకపాలో, లక్షకోట్లలో కొన్ని పాళ్లో ఏదియో ఒక పదార్థము మిగులును. ఆరవ పొటెన్సీలోని మందు పాలును అంతయే. అది దాటినచో, మందుకంటె మాలిన్యమే ఎక్కువయని చెప్పవలెను.

ఇక పరీక్షల చరిత్ర. 1966లోను, 1968లోను అమెరికాలో స్మిత్, బోరిక్ అను ఇరువురు కేంద్రక అయస్కాంత అనునాదమను పద్ధతితో హోమియో ద్రవములను పరీక్షించి ఫలితములు ప్రకటించిరి. బలమైన అయస్కాంతమున ద్రవమునుంచి, రేడియో తరంగములతో అందలి హైడ్రోజను కేంద్రకములను కదలించి, అవి ఇచ్చు సంకేతములను వ్రాసికొనుట ఈ పద్ధతి. నేడు ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రమునకును ఇదియే మూలము. కుదిపిన మందులలో ఆల్కహాలు సంకేతము కొంత మారినదని వారి కథనము. కాని ఆల్కహాలులోని ఆ భాగము నీటి పాళ్లు కొద్దిగా మారినను, వేడి కొద్దిగా మారినను, ఆమ్లము లేశమాత్రము తగిలినను కదలునట్టిది. కరిగిన ప్రాణవాయువును ఈ కొలతలను మార్చగలదు. కావున పరీక్ష మరల జరుగవలసియుండెను, జరిగినది. 2001లో నార్వే దేశపు పరిశోధకులు అంతకంటె సున్నితమైన యంత్రములతో చూచి, మందునకును, మందులేని ద్రవమునకును భేదము కనబడలేదని ప్రకటించిరి. 2004లో డేవిడ్ ఆనిక్ అను అమెరికా వైద్యుడు నీటితో చేసిన మందులను పరీక్షించి, వాటియందు ప్రత్యేక సంకేతమేదియు లేదని వ్రాసెను. ఆయన హోమియోపతియందు ఆదరము కలవాడు. తనకు ప్రియమైన ఊహకు వ్యతిరేకముగా వచ్చిన ఫలితమును దాచక ప్రకటించుట శాస్త్రజ్ఞుని లక్షణము.

ఇటలీలో నేపుల్సు నగరమున విత్తోరియో ఎలియా అను రసాయన శాస్త్రజ్ఞుడు మరియొక త్రోవ పట్టెను. అతిగా పలుచన చేసి కుదిపిన నీటిని క్షార ద్రావణముతో కలిపినచో, మామూలు నీటికంటె కొంచె మెక్కువ వేడి పుట్టుచున్నదనియు, దాని విద్యుద్వాహకతయు హెచ్చుగా నున్నదనియు 1999 మొదలు ఆయన బృందము ప్రకటించుచు వచ్చెను. కొలతలు శ్రద్ధతో చేసినవే. భేదమును నిజమే కావచ్చును. కాని గాజునుండి దిగిన సిలికా, సోడియము, గాలినుండి దిగిన వాయువు అట్టి ఫలితమునే ఇచ్చును. ఆ భేదము మందు పేరునుబట్టి మారుచున్నదా, లేక సీసానుబట్టి మారుచున్నదా అని అడుగవలెను. సీసానుబట్టి మారినచో అది గాజు జ్ఞాపకమే గాని నీటి జ్ఞాపకము కాదు.

2003లో స్విట్జర్లాండున లూయీ రే అను శాస్త్రజ్ఞుడు భారజలములో లిథియము క్లోరైడును, ఉప్పును ఒక్క అణువైన మిగులనంతగా పలుచన చేసి, సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో గడ్డకట్టించి, కిరణములకు గురిచేసి, మెల్లగా వేడిచేసెను. అపుడు ఆ గడ్డలు వెలువరించు వెలుతురు ఒకదానికొకటి భిన్నముగా నుండెనని ఆయన చెప్పెను. దీనికిని ఒక అభ్యంతరమున్నది. నీరు గడ్డకట్టునపుడు తనలోని మాలిన్యములను పలుకుల సందులలోనికి నెట్టును. పలుచని మాలిన్యము అక్కడ చిక్కపడును. అంతవరకు కనబడనిది అక్కడ కనబడును. అది తొలి ఉప్పుయొక్క ముద్రయని చెప్పుటకు, అదే విధముగా కుదిపిన ఉప్పులేని భారజలములను పెక్కింటిని, పేర్లు దాచి, పోల్చవలెను.

నీటికి జ్ఞాపకముండుట సాధ్యమా అని సూటిగా పరిశీలించినవారును కలరు. నీటి అణువులు హైడ్రోజను బంధములతో ఒండొంటిని పట్టుకొనియుండుట నిజమే. ఆ అమరికలు ఎంతసేపు నిలుచును? 2005లో కెనడాలోని టొరాంటో, జర్మనీలోని బెర్లిను పరిశోధకులు కలిసి అత్యల్పకాలపు కాంతి స్పందనములతో దీనిని కొలిచిరి. నీటి అమరికయొక్క ముద్ర 50 ఫెమ్టోసెకనులలోపుననే చెరిగిపోవుచున్నదని వారు కనుగొనిరి. సెకనును 20 లక్షల కోట్ల భాగములు చేసినచో అందు ఒక భాగమది. అంగడిలో సంవత్సరముల తరబడి నిలువయుండు సీసాకు ఈ కాలమునకు పొత్తు కుదురుట కష్టము. అదియుగాక మాత్రలపై పోసిన ద్రవము ఆరిపోవునని చెప్పుకొంటిమి. జ్ఞాపకము నీటిదైనచో, నీరు పోయిన తరువాత అది చక్కెరలోనికి ఎట్లు ప్రవేశించినదను ప్రశ్నయు మిగులును.

రామన్ పద్ధతికి మరల వత్తము. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున రస్టమ్ రాయ్ మొదలగువారు నక్స్ వామికా, నేట్రం మ్యూరియాటికం అను రెండు మందులను 6, 12, 30 పొటెన్సీలలో తీసికొని, అతినీలలోహిత కాంతితోను, రామన్ పద్ధతితోను పరీక్షించి, వర్ణపటములనుబట్టి ఒకదానినుండి మరియొకదానిని వేరుచేయవచ్చునని వ్రాసిరి. సరిగా మనము అడిగిన ప్రశ్నకే జవాబు దొరికినట్లు కనబడినది. కాని మరుసటి సంవత్సరమే, అది వెలువడిన పత్రికలోనే, ఆ వ్యాసమునందలి రేఖాపటములమీదను, పోలికకు తీసికొన్న ఆల్కహాలుమీదను తీవ్రమైన ఆక్షేపణలు ప్రచురితమైనవి. అతినీలలోహిత కాంతికి ఆల్కహాలులోని అత్యల్ప మాలిన్యముకూడ కనబడును. రెండు మందులు రెండు వేర్వేరు ఆల్కహాలు పీపాలనుండి తయారైనచో, వర్ణపటములు వేరుగానే యుండును. అప్పుడు పరికరము నక్స్ వామికాను గుర్తించినదనరాదు, పీపాను గుర్తించినదనవలెను.

2010లో మన బొంబాయి ఐ.ఐ.టి. పరిశోధకులు బంగారము, వెండి, రాగి, తగరము, తుత్తునాగము, ప్లాటినము అను ఆరు లోహముల మందులను అంగడినుండి తెచ్చి, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచిరి. 30, 200 పొటెన్సీలలోకూడ ఆ లోహముల అతిసూక్ష్మ కణములు కనబడినవని వారి ప్రకటన. కుదిపినపుడు కణములు బుడగలనంటి పైకి తేలుచు, పైపొరతోపాటు తరువాతి సీసాలోనికి పోవుచుండునని వారు కారణము చెప్పిరి. ఈ పనికి మన పత్రికలలో మంచి ప్రచారము లభించినది. గమనింపదగిన పనియే. కాని దానినుండి మూడు ప్రశ్నలు పుట్టుచున్నవి. 6 పొటెన్సీ దాటిన తరువాత లోహపు పరిమాణము తగ్గక నిలిచిపోయినదన్నచో, 30కి 200కు భేదమేమి? ఆ భేదము మీదనే గదా హోమియో వైద్యుడు మందు నిర్ణయించుచున్నాడు! నీటిలో పూర్తిగా కరుగు ఉప్పునకు, మొక్కల సారమునకు ఈ బుడగల వాదము ఎట్లు పొసగును? అన్నిటికంటె ముఖ్యము, లోహము ఏ మాత్రము కలుపక అన్ని పర్యాయములే కుదిపిన అదే ఆల్కహాలులో, అదే గాజులో ఎంత లోహమున్నది? మిల్లీలీటరులో గ్రాము లక్షకోట్ల పాళ్లలో కొన్ని పాళ్లను వెదకునపుడు ఈ పోలిక లేని అంకెకు అర్థము లేదు.

పేర్లు దాచి పరీక్షించుట ఎంత అవసరమో తెలుపు ఉదంతమొకటి 1988లో జరిగినది. అది భౌతిక పరీక్ష కాదు, జీవకణముల పరీక్ష. అయినను పాఠమొకటే. పారిసు సమీపమున క్లామార్‌లో జాక్ బెన్వెనిస్ట్ అను పేరొందిన శాస్త్రజ్ఞుడు, అణువు మిగులనంతగా పలుచన చేసిన ప్రతిదేహ ద్రవముకూడ రక్తకణములపై పనిచేయుచున్నదని ఆ సంవత్సరము జూను నెలలో ‘నేచర్’ పత్రికలో ప్రకటించెను. ప్రయోగమును తన మనుష్యులు వచ్చి చూడవలెనను షరతుతోనే సంపాదకుడు జాన్ మాడాక్స్ ఆ వ్యాసమును అచ్చువేసెను. జూలైలో మాడాక్సును, వాల్టర్ స్టీవర్ట్ అను శాస్త్రజ్ఞుడును, జేమ్స్ రాండీ అను ఇంద్రజాలికుడును అచ్చటికి వెళ్లిరి. ఏ గొట్టములో ఏమున్నదో తెలిసి లెక్కించినపుడు ఫలితము కనబడినది. తరువాత గొట్టముల పేర్లు తీసివేసి, సంకేత సంఖ్యలు వేసి, ఆ సంకేతముల చీటిని కవరులో మూసి ప్రయోగశాల పైకప్పునకు అంటించిరి. అప్పుడు లెక్కించగా ఫలితము మాయమైనది. 1993లో లండనులో మరియొక బృందము అదే ప్రయోగమును చేసి ఏమియు కనుగొనలేదు. లెక్కించినవారు మోసము చేసిరని దీని అర్థము కాదు. తెలిసినవాని కన్ను తాను చూడగోరినదానివైపు ఒరగును. అది మానవ స్వభావము. దానికి మందు పేరు దాచుటయొక్కటే.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి న్యాయమైన పరీక్ష ఎట్లుండవలెనో శ్రోతలే నిర్ణయింపగలరు. మందును, మందులేని ద్రవమును ఒకే పీపా ఆల్కహాలుతో, ఒకే రకపు గాజుసీసాలలో, ఒకే దినమున, ఒకే సంఖ్యలో కుదిపి తయారుచేయవలెను. ఒక్కొక్కటి ఒక్క సీసా కాదు, పెక్కు సీసాలుండవలెను. సంకేత సంఖ్యలు పరీక్ష చేయువానికి తెలియరాదు. వాడు తన కొలతలు ముగించి, ఏ సంఖ్య ఏ మందో వ్రాసి సంతకము చేసిన తరువాతనే చీటి విప్పవలెను. ఆ మీదట వేరొక ఊరిలో, వేరొక ప్రయోగశాల అదే విధముగా చేసి, అదే జవాబు పొందవలెను. ఈ నియమములన్నిటిని దాటి, పండ్రెండవ పొటెన్సీకి పైబడిన మందులను పలు ప్రయోగశాలలు మరల మరల గుర్తింపగలిగిన భౌతిక పరీక్ష నేటివరకు స్థిరపడలేదు. భేదములు కనబడినవి పెక్కు; మందు పేరు చెప్పిన భేదము స్థిరపడినది లేదు. ఒకనాడు స్థిరపడినను, అది ద్రవమునకు సంబంధించిన విశేషమే యగును. రోగము కుదురుట మాట రోగులయందు వేరుగా ఋజువు కావలసినదే.

అట్లని హోమియో మందులకు ప్రయోగశాలతో పనిలేదని తలపరాదు. తక్కువ పొటెన్సీలలోను, మదర్ టింక్చరులలోను మూలపదార్థము నిజముగానే యుండును. బెల్లడోన, నక్స్ వామికా విషపు మొక్కలనుండి వచ్చినవి. మన దేశపు హోమియో ఔషధ ప్రమాణ గ్రంథము మొదటి సంపుటము 1971లో వెలువడినది. పరీక్షలకై ఘాజియాబాదులో 1975లో ప్రత్యేక ప్రయోగశాల ఏర్పడినది. మొక్క సరియైనదేనా, ఆల్కహాలు పాలెంత, కరిగియున్న ఘనపదార్థమెంత అను పరీక్షలు అట్టి సారములకు వర్తించును. అవి అవసరము. అమెరికాలో పసిపిల్లలకు పండ్లు వచ్చునపుడిచ్చు హోమియో మాత్రలను ప్రభుత్వ ప్రయోగశాల పరీక్షింపగా, కొన్నింటిలో బెల్లడోన చీటిపై వ్రాసినదానికంటె మిక్కిలి హెచ్చుగాను, మాత్రకు మాత్రకు పొంతన లేకయు ఉన్నట్లు తేలినదని 2017 జనవరిలో అచ్చటి ప్రభుత్వము తెలిపినది. ఏమియు లేదని తలచిన మాత్రలో ఎక్కువ ఉండుటయే అక్కడ ప్రమాదము. పరికరములు పేరుచెప్పి పట్టుకొనగల సంగతి ఇది.

మన తెలుగునాట హోమియోపతికి ఆదరము తక్కువ కాదు. గుడివాడలో, కడపలో, రాజమహేంద్రవరములో, హైదరాబాదులో ప్రభుత్వ కళాశాలలున్నవి. హాస్యనటులు అల్లు రామలింగయ్యగారు హోమియో వైద్యముకూడ చేసిన సంగతి తెలిసినదే; రాజమహేంద్రవరపు కళాశాల ఆయన పేరనే నడచుచున్నది. ఓపికతో కూర్చుండి రోగి కష్టసుఖములు వినుట, తక్కువ ఖర్చు, చేదులేని మాత్ర, ఇవి జనులను ఆకర్షించిన గుణములు. ఈ గుణములను పరిహసించుట తగదు. కాని ఆ ఆదరమే మనలను ఒక విషయమున హెచ్చరింపవలెను. ‘నీటికి జ్ఞాపకమున్నదని ప్రయోగశాలలో ఋజువైనది’ అను మాట పత్రికలోనో, ప్రకటనలోనో కనబడినపుడు, వెంటనే మూడు ప్రశ్నలు వేసికొనుడు. మందులేని ద్రవమును అట్లే కుదిపి పోల్చిరా? పేర్లు దాచి పరీక్షించిరా? వేరొకరు మరల చేసి చూచిరా? ఈ మూటికిని అవునను జవాబు రానంతవరకు ఆ వార్తనుబట్టి ఏ నిర్ణయమును చేయకుడు.

ముఖ్యముగా, బిడ్డకు జ్వరము తగ్గకున్నను, శ్వాస ఎగబ్రాకుచున్నను, విరేచనములతో ఒడలు శోషించుచున్నను, పెద్దవారికి గుండెలో నొప్పి పుట్టినను, తియ్యని మాత్ర పనిచేయునేమో చూతమని గంటలు గడపరాదు. ఆ గంటలు తిరిగిరావు. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. మధుమేహమునకు, మూర్ఛకు, క్షయకు మందు వాడువారు వైద్యునితో చెప్పక ఆ మందును మానరాదు. ఇంటిలోనున్న హోమియో మందు సంగతియు ఆ వైద్యునితో చెప్పవలెను. దాచుట మేలు కాదు.

మహేంద్రలాల్ సర్కారు తాను నమ్మిన వైద్యమునకు గుడి కట్టలేదు. విజ్ఞానమునకు పరిశోధనశాల కట్టెను. అట్టి చోట అన్ని మందులకును ప్రశ్న యొకటే: పేరు తీసివేసిన తరువాత నీవెవరు? తక్కువ పొటెన్సీ మందులు కొన్ని ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవు. ఎక్కువ పొటెన్సీ మందులు ఇంతవరకు చెప్పలేదు.